దర్వాజా ఉంది... దేవిడీ ఏదీ?

చార్మినార్‌ను కాపాడుకున్నాం. గోల్కొండను కాపాడుకున్నాం. మరి వాటి పక్క వీధి? ఆ వీధిలోని కమాన్లూ, చెక్క కిటికీలూ, రాతి అరుగులూ? ఒక్క కట్టడాన్నే కాకుండా దాని చుట్టూ ఉన్న పేటనంతా కాపాడుకోవడం ఎలాగన్న ప్రశ్నకు ప్రపంచంలో జవాబు దొరికి తొంభై ఏళ్లు దాటింది. హైదరాబాద్‌లో ఆ జవాబు 1995లోనే కాగితమెక్కింది. కాగితం దిగి వీధిలోకి మాత్రం సరిగ్గా రాలేదు!

పత్తర్‌గట్టి దగ్గర బట్టల బేళ్లు మోసే హమాలీలు కేకలేస్తూ దూసుకుపోయే సందుల్లో ఓ పాత దర్వాజా నిలబడి ఉంటుంది. దాని కిందినుంచి రోజూ ఎంతోమంది వస్తుంటారు, పోతుంటారు. హోల్‌సేల్ బట్టల బేరాల హడావుడిలో తలెత్తి చూసేవాళ్లు తక్కువ. చూసినా అర్థంకాదు. అంత పెద్ద దర్వాజా దాటితే లోపల అంతకు తగ్గ ఇల్లుండాలి కదా! ఉండేది అన్నీ దుకాణాలే.

అది దివాన్ దేవిడీ. నిజాముల దగ్గర దివాన్లుగా, అంటే ప్రధానమంత్రులుగా పనిచేసిన సాలార్‌జంగ్‌ల నివాసం. మూడో సాలార్‌జంగ్ 1949లో కన్నుమూశాక, ఆయన దేశదేశాల నుంచి పోగేసిన వస్తువులన్నిటినీ ఆ ఇంట్లోనే మ్యూజియంగా అమర్చారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ వచ్చి ప్రారంభించారు. 1968లో మ్యూజియం దారుల్‌షిఫాలోని కొత్త భవనానికి తరలింది. మేలిముసుగు రెబెక్కా, గంటగంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం... అన్నీ భద్రంగా కొత్త చోటికి చేరాయి. వాటికి ఆశ్రయమిచ్చిన ఇల్లు మాత్రం కొంచెం కొంచెంగా కనుమరుగైంది. వస్తువుల్ని మ్యూజియంలో పెట్టొచ్చు. ఇంటిని పెట్టలేం!

దివాన్ దేవిడీ ఒక్కటే కాదు. దేవిడీ అంటే మన గడీలాంటిదే. వీధిలోకి ఎత్తయిన ద్వారం, లోపల నలుచదరపు వాకిలి, మధ్యలో నీళ్ల హౌజు, ఒకవైపు మర్దానా, మరోవైపు జనానా. పాతబస్తీలో ఎక్కడ చూసినా ఇవే ఉన్న రోజులుండేవి. ఇప్పుడు చాలాచోట్ల ద్వారాలే మిగిలాయి. కొన్నిచోట్ల అవీ లేవు. పేట పేరులో ‘దేవిడీ’ అన్న మాట మాత్రం ఉంటుంది.

చెట్టు సరే, తోట?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకూ అనుమతి లేనిదే ఏదీ కట్టకూడదు. వినడానికి గట్టి కట్టుబాటే. కానీ ఆ గీతలు గీసింది చార్మినార్ కోసం, దాని చుట్టూ ఉన్న వీధి కోసం కాదు. ఆ పరిధిలోని పాత ఇల్లు దానంతటది కూలిపోతే చట్టానికి పట్టింపు లేదు. దాన్ని బాగుచేసుకోవాలంటే మాత్రం ఇంటాయన అనుమతుల కోసం తిరగాలి. దాంతో కొందరు ఇంటిని అలాగే వదిలేస్తారు. ఇంకొందరు రాత్రికి రాత్రి గోడలు లేపేస్తారు.

పైగా ఈ గొడుగు కింద ఉన్నవెన్ని? తెలంగాణ మొత్తమ్మీద ఏఎస్ఐ రక్షిస్తున్న కట్టడాలు 8. వందేళ్లు నిండితే తప్ప ఏ భవనమూ ఆ జాబితాకు అర్హం కాదు.

పత్తర్‌గట్టినే తీసుకోండి. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి నగరాన్ని ముంచేశాక, ఊరిని తిరిగి తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ బోర్డు చేతిలో రూపుదిద్దుకున్న బజారు ఇది. రోడ్డు పొడవునా ఒకే తీరు రాతి కమాన్లు, పైన ఒకే వరుస కిటికీలు. ఇందులో ఏ దుకాణాన్నైనా విడిగా చూడండి, గొప్పదేమీ కనిపించదు. వరసగా చూస్తేనే అందం. మరి జాబితాలో దేన్ని చేర్చాలి? మధ్యలో ఒక కమాను పడగొట్టి అద్దాల షోరూము కడితే పోయేది ఒక దుకాణమా, మొత్తం వీధా? పళ్లవరుసలో ముందు పన్ను ఊడిపోతే ‘ఒకటే కదా పోయింది’ అని ఎవరైనా అంటారా!

ఈ చిక్కు విప్పడానికి పుట్టిందే హెరిటేజ్ జోన్, అంటే వారసత్వ ప్రాంతం. కట్టడాల పేర్లు రాసుకోవడంతో ఆగకుండా పటం మీద హద్దులు గీస్తారు. ఆ హద్దుల్లో ఉన్నవాటిలో ఏవి పాతవో, ఏవి మధ్యలో వచ్చినవో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీస్తారు. ఎత్తు ఎంత దాటకూడదు, ముందు గోడ వీధికి ఎంత దగ్గరగా ఉండాలి, కిటికీలు ఏ కొలతలో ఉండాలి, బోర్డు ఎక్కడ వేలాడాలి... ఇవన్నీ నియమాలుగా రాస్తారు. ఒక కమిటీ వాటిని చూస్తుంది. లోపల మీ వంటిల్లు మీ ఇష్టం. స్నానాలగదిలో ఏ పలకలు పరుచుకున్నా ఎవరూ అడగరు. వీధిలోంచి కనిపించే ముఖం మాత్రం మీ ఒక్కరిదే కాదు, వీధి అందరిదీనూ!

పెట్రోలు బంకు తెచ్చిన చట్టం

అమెరికాలో ఈ ఆలోచన మొదట చట్టమైంది చార్లెస్టన్ అనే రేవు పట్టణంలో. కారణం కార్లు! 1920లలో ఊళ్లోకి కార్లు పెరిగాయి. వాటికి షెడ్లు కావాలి, పెట్రోలు బంకులు కావాలి. వాటికోసం పాత భవంతులు నేలకూలడం మొదలైంది. సుసాన్ ప్రింగిల్ ఫ్రాస్ట్ అనే ఆవిడ స్థిరాస్తి వ్యాపారి. మహిళల ఓటుహక్కు కోసం పోరాడిన మనిషి కూడా. 1920లో జోసెఫ్ మానిగో అనే ధనికుడి పాత ఇంటిని పడగొడతారని తెలిసి ఊరివాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది. ఇల్లు దక్కింది. దాని తోట దక్కలేదు, పెట్రోలు బంకు వచ్చేసింది. మరోవైపు దూరప్రాంతపు మ్యూజియాలవాళ్లు వచ్చి పాత ఇళ్ల గదుల్లోని చెక్కపనిని ఊడదీయించి కొనుక్కెళ్తున్నారు. (మన దేవిడీల తలుపులూ స్తంభాలూ పాతసామాన్ల దుకాణాల మీదుగా రిసార్టులకు చేరడం చూసినవాళ్లకు ఇదేమీ వింత అనిపించదు.)

ఒక్కో ఇంటికోసం ఒక్కో పోరాటం చేస్తూ పోతే ఎన్నాళ్లు? 1931లో చార్లెస్టన్ నగరపాలక సంస్థ ఏకంగా 23 బ్లాకులకు హద్దులు గీసి ‘పాత, చారిత్రక ప్రాంతం’గా ప్రకటించింది. అక్కడ ఇంటి బయటి రూపాన్ని మార్చాలంటే ఒక బోర్డు ఒప్పుకోవాలి. తమాషా ఏంటంటే, ఆ బోర్డుకు మొదట్లో ఇల్లు కూల్చకుండా ఆపే అధికారమే లేదు! అది రావడానికి 1966 దాకా పట్టింది. అయినా హద్దులు నిలిచాయి. అమెరికాలో స్థానికంగా ప్రకటించిన ఇలాంటి ప్రాంతాలు రెండు వేలు దాటాయి.

ఇందులో చేదు కూడా ఉంది. చార్లెస్టన్ పాత ఇళ్లలో చాలావాటిలో పేద నల్లజాతి కుటుంబాలు అద్దెకుండేవి. పేటకు కొత్త కళ వచ్చేకొద్దీ ఇళ్ల ధరలూ అద్దెలూ పెరిగాయి. రంగులేసిన ఆ వీధుల్ని చూడటానికి ఇప్పుడు యాత్రికులు వస్తారు. ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు మాత్రం ఏనాడో వెళ్లిపోయారు. గోడల్ని కాపాడేవాళ్లు మనుషుల్ని మరిచిపోవడం చాలా తేలిక.

13వ నిబంధన కథ

మన దేశంలో ఈ దారిలో ముందు నడిచింది ముంబయి. 1995 ఏప్రిల్‌లో అక్కడ వారసత్వ నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాద్ అందుకుంది. హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధనగా దాన్ని చేర్చారు. 1998లో నూటముప్పైకి పైగా కట్టడాలతో జాబితా వెలువడింది. వాటిని కూల్చాలన్నా, మార్చాలన్నా వారసత్వ పరిరక్షణ కమిటీ సరేననాలి. హైదరాబాద్ ఇంకో మంచిపని కూడా చేసింది. కోట్ల ఏళ్లనాటి మన రాతిగుట్టల్లో కొన్నిటిని సైతం వారసత్వంగా గుర్తించింది. మనిషి కట్టనివాటికీ రక్షణ దొరికిందన్నమాట.

ఆ నిబంధనలో భవనాలతో పాటు ‘ప్రాంతాలు’ అన్న మాట స్పష్టంగా ఉంది. కానీ జాబితాలో ఎక్కువ భాగం విడివిడి కట్టడాలే. ఒక బజారునో పేటనో మొత్తంగా తీసుకుని, ఇల్లిల్లూ లెక్కగట్టి, ‘ఇక్కడ ఇలా కట్టుకోండి, ఇందుకు ఇంత సాయం చేస్తాం’ అని చెప్పే పని జరగాల్సినంత జరగలేదు. చార్మినార్ చుట్టూ వాహనాల్ని ఆపి నడకదారి చేయాలన్న పథకం రెండు దశాబ్దాలపాటు సాగిసాగి చివరికి రాళ్లు పరిచిన ఆవరణగా తేలింది. నేల మారింది. నేలకు అటూ ఇటూ ఉన్న గోడల సంగతి ఎప్పటిలాగే మిగిలింది.

2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ 13వ నిబంధననే తొలగించింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి దానికో పెద్ద పరీక్ష ఎదురైంది. కొత్త శాసనసభ కోసం ఎర్రమంజిల్ ప్యాలెస్ ఉన్న చోటును ఎంచుకుంటూ 2019 జూన్‌లో మంత్రివర్గం తీర్మానించింది. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ప్యాలెస్ అది. దాని పేరు వెనక ఓ ముచ్చట చెబుతారు. ఇల్లు కట్టిన గుట్ట స్థానికులకు ఎర్రగడ్డ. ఫార్సీలో ‘ఇరమ్’ అంటే స్వర్గవనం. తెలుగు ఎరుపూ ఫార్సీ స్వర్గమూ కలిసొచ్చేలా నవాబుగారు పేరు పెట్టుకున్నారట! వారసులూ నగర ప్రేమికులూ కోర్టుకెక్కారు. 2019 సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ తీర్మానాన్ని కొట్టేసింది. ప్యాలెస్ నిలిచింది.

కోర్టు ఒక ప్యాలెస్‌ను కాపాడగలదు. ఒక పేటలోని మూడొందల ఇళ్ల కోసం మూడొందలసార్లు కోర్టుకెళ్లేదెవరు?

ఇంటాయన బాధ

అసలు చిక్కుముడి ఇక్కడుంది. చార్‌కమాన్ దగ్గర 600 గజాల్లో ఓ పాత ఇల్లుందనుకుందాం. తాత పోయాడు. ఆస్తి పిల్లలకు, వాళ్ల పిల్లలకు చీలి ఇరవై వాటాలైంది. సగం మంది వేరే దేశాల్లో ఉన్నారు. ఇంట్లో నలభై ఏళ్లుగా అద్దెకున్నాయన ఇచ్చే కిరాయి ఒక్క పైకప్పు రిపేరుకు కూడా చాలదు. పక్కవాడు మూడంతస్తులు లేపి కింద షాపులకు అద్దెకిచ్చాడు. ఈ ఇరవై మందినీ పిలిచి ‘మీది చాలా అందమైన ఇల్లు, దయచేసి కూల్చకండి’ అంటే ఏమంటారు? ‘అందం మీకు, ఖర్చు మాకా?’ అంటారు. తప్పేముంది!

ఖర్చు కూడా మామూలుది కాదు. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం, ఇసుక గానుగలో రోజుల తరబడి రుబ్బి, అందులో బెల్లం నీళ్లు, మారేడు పండ్ల గుజ్జు, కోడిగుడ్ల సొన కలిపేవారు. అలాంటి గోడకు ఊపిరాడుతుంది. తేమను పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. పగుళ్లొచ్చాయని మేస్త్రి సిమెంటు పూశాడో, తేమ లోపలే చిక్కుకుంటుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి సిమెంటు పెచ్చు లోపలి సున్నాన్ని కూడా పట్టుకుని ఊడొస్తుంది. ఆ సందులో కాకి వేసిన రావి విత్తనం మొలుస్తుంది. వేరు గోడను చీలుస్తుంది. మంచి చేద్దామనే సిమెంటు పూశారు పాపం! సున్నం పని తెలిసిన మేస్త్రీలు అరుదు, దొరికినా కూలి ఎక్కువ.

అందుకే హద్దులు గీసినంత మాత్రాన సరిపోదు. ఇంటాయన కోల్పోతున్నదానికి ఏదో ఒకటి ఇవ్వాలి. అహ్మదాబాద్ అదే చేసింది.

1411లో పుట్టిన ఆ నగరపు కోటలోపలి భాగంలో ‘పోల్’లు ఉంటాయి. పోల్ అంటే ఒకే ద్వారం వెనక ఇరుకు వీధి, దానికి అటూ ఇటూ చెక్క శిల్పాల ఇళ్లు, పావురాలకు గింజలు వేసే స్తంభం, ఇంటి కింద వాననీళ్ల తొట్టి. నగరపాలక సంస్థ 1996లో వారసత్వ విభాగం పెట్టింది. 1997 నుంచి కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగిసే నడక మొదలెట్టింది. కవి దల్‌పత్‌రామ్ ఉన్న చోట ఆయన ఇంటి ముఖద్వారాన్ని తిరిగి కట్టి, అరుగు మీద కూర్చున్నట్టుగా ఆయన విగ్రహం పెట్టారు. రెండు వేలకు పైగా ఇళ్లను జాబితాకెక్కించారు. 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. దేశంలో ఆ గౌరవం దక్కిన మొదటి నగరం అదే.

అక్కడి ఇంటాయనకు దొరికేది టీడీఆర్. పాత ఇంటిని కాపాడుకున్నందుకు తను కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును కాగితం మీద ఇస్తారు. దాన్ని ఊరికి అటువైపు కట్టే బిల్డరుకు అమ్ముకోవచ్చు. వచ్చిన సొమ్ముతో ఇల్లు బాగుచేసుకోవాలి. ఒక్కమాటలో, పాత పేట మీద పడాల్సిన అంతస్తులు కొత్త పేటకు వలసపోతాయి. అన్ని పోల్‌లూ బాగుపడిపోలేదు. చాలా ఇళ్లు గోదాములయ్యాయి, పిల్లలు సబర్మతి అవతలికి కాపురాలు మార్చేశారు. అయినా ఇంటివాడికి ‘కూల్చకపోతే నాకేంటి?’ అన్న ప్రశ్నకు చూపించడానికి ఓ కాగితమైతే ఉంది.

ఆ మాటకొస్తే మన 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల్లోనూ వారసత్వ కట్టడాలకు టీడీఆర్ ఇచ్చే వీలుంది. మనదగ్గర టీడీఆర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మాత్రం రోడ్డు వెడల్పులో పోయిన స్థలం. ఇల్లు కూల్చితే వచ్చేదని తెలిసినంతగా, నిలబెట్టినా వస్తుందని తెలియదు!

ఆ తెల్లవారి మంటలు

పాత ఇళ్ల గురించి ముచ్చటగా మాట్లాడుకునేటప్పుడు 2025 మే 18ని పక్కన పెట్టి మాట్లాడలేం. ఆ ఉదయం చార్మినార్‌కు కూతవేటు దూరంలో గుల్జార్‌హౌజ్ దగ్గర ఓ పాత భవనంలో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కుటుంబం. బయటపడటానికి ఇరుకైన ఒకే ఒక్క మెట్లదారి. 17 మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పసిపిల్లలు.

అలాంటి మెట్లదారులు పాతబస్తీలో ఇంకా ఎన్నో ఉన్నాయి. దీపాలు, గూళ్లు ఉన్న కాలంలో కట్టిన ఇళ్లకు ఏసీలు బిగించారు. వైర్లు మాత్రం ఒకదాని మీద ఒకటి అల్లుకుపోయాయి. ఇప్పుడు చెప్పండి, అక్కడ ‘ఏమీ మార్చకండి’ అని బోర్డు పెట్టడం రక్షణ అవుతుందా? వారసత్వ ప్రాంతమన్నది ముఖద్వారాల మీద శ్రద్ధ పెట్టినంతగా వెనక మెట్ల మీదా పెట్టాలి. వీధి అంతటికీ కలిపి వైర్లు భూమిలోకి దించడం, ఫైరింజను రాలేని సందుల్లో నీటి గొట్టాలు వేయడం, పక్కపక్క ఇళ్లకు రెండో దారి కలపడం... ఇవేవీ ఒక్క ఇంటివాడు చేయగలిగేవి కావు. పేటను ఒక్కటిగా చూసినప్పుడే సాధ్యమవుతాయి. ఇల్లు ఉండాలా, మనిషి ఉండాలా అన్న పోటీ పెట్టనక్కర్లేదు.

మనిషి అంటే అతని పని కూడా. లాడ్ బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొలిమి దగ్గర లక్కను కాచి, వేడిగా ఉండగానే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దే చేతులు చుట్టుపక్కల సందుల్లోనే ఉన్నాయి. బజారు తళతళలాడి అద్దెలు పెరిగితే ముందు ఖాళీ చేయాల్సింది వాళ్లే. చార్లెస్టన్ చేదు ఇక్కడ పునరావృతం కాకూడదంటే కొలిమిని కూడా జాబితాలో రాసుకోవాలి. అలా కుదురుతుందా అంటే కుదురుతుంది. 1935 నాటి మొజంజాహీ మార్కెట్‌ను 2020కల్లా బాగుచేశారు. రాతిగోడలు తేటపడ్డాయి. దుకాణాలూ ఐస్‌క్రీములూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

పటం ఎప్పుడో గీశారు

ఈలోగా కాలం ఆగదు కదా. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారి వెడల్పు కోసం 2025లో ఇళ్లూ దుకాణాలూ తొలగించడం మొదలుపెట్టారు. దారిలో ఉన్న వారసత్వ కట్టడాల సంగతేంటన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. పాతబస్తీ జనానికి మెట్రో అక్కర్లేదని ఎవరూ అనరు. దశాబ్దాలుగా ఎదురుచూశారు. పేటకు ముందే హద్దులు గీసి ఉంటే ఏ గోడ కదలకూడదో ఇంజినీర్లకు మొదటిరోజే తెలిసేది. కోర్టులో తేల్చుకోవాల్సిన పని తగ్గేది.

హద్దులు గీయడానికి ముందు కావాల్సింది పటం. ఏ ఇల్లు ఎక్కడుంది, దాని వాకిలెంత, సందు ఎటు తిరిగింది... అంత వివరంగా ఎవరు గీస్తారని అడగొచ్చు. గీసేశారు! మూసీ వరద తర్వాత, 1910లలో లియోనార్డ్ మున్ అనే అధికారి ఆధ్వర్యంలో నగరాన్ని సందుసందునా కొలిచారు. ‘మున్ మ్యాపులు’గా పేరుపడ్డ ఆ కాగితాల్లో ఇళ్లూ, వాకిళ్లూ, బావులూ, తోటలూ కొలతలతో సహా ఉన్నాయి. పాత హైదరాబాద్ మీద పరిశోధన చేసేవాళ్లు ఇప్పటికీ ముందు తెరిచేది వాటినే. ఆనాటి పటాన్నీ ఈనాటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు... ఏ వీధిలో ఇంకా ఏం మిగిలుందో లెక్క మొదలుపెట్టొచ్చు.

ఆ పాత పటంలో దివాన్ దేవిడీకి దర్వాజాతో పాటు ఇల్లు కూడా ఉంది.